మిణుగురు ఓడ ఎక్కిందా?

మా నాన్న నోట ‘వద్దు’ అనే మాట మేమెప్పుడూ వినలేదు. ‘చూద్దాం’ అనేవాడు. ఆ రెంటికీ తేడా లేదని మా ఇంట్లో పుట్టినవాళ్లకి నడక రాకముందే తెలిసిపోయేది. కొత్త చెప్పులు కావాలంటే చూద్దాం. వీధిలో దొరికిన కుక్కపిల్లని పెంచుకుంటామంటే చూద్దాం. “ఈయన చూసేలోపు మనకి పళ్లూడిపోతాయి” అని అమ్మ కుట్టుమిషన్ని ఇంకాస్త గట్టిగా తొక్కేది. ఆ ఎండాకాలం అక్క విషయంలోనూ ఆయన ఆ ఒక్క మాటే అన్నాడు.

మాది అద్దె పుస్తకాల షాపు. షాపంటే పెద్దగా ఊహించుకోకండి, మా ఇంటి ముందు గదే. వీధిలోకి రెండు మెట్లు, లోపల మూడు గోడలకీ పుస్తకాలు, నాలుగో గోడకి బదులు ఒక చెక్క బీరువా. బీరువాకి అవతల అమ్మ కుట్టుమిషను, మా మంచాలు, వంటగది. బడులకి సెలవులిచ్చారంటే ఆ మెట్ల మీద కాలు పెట్టడానికి సందుండేది కాదు. పిల్లలందరికీ కావలసింది ఒక్కటే, గూఢచారి పుస్తకాలు. అందులోనూ మిణుగురు.

మిణుగురు అంటే పన్నెండేళ్ల పిల్ల. పైకి చూస్తే గడియారాలు బాగుచేసే దుకాణంలో అద్దాలు తుడిచే పనిపిల్ల. లోపల మాత్రం దేశంలోకెల్లా గొప్ప గూఢచారి. ఆ దుకాణం ముసలాయన, గడియారాల తాత, ఆమెని పెంచినవాడూ, ఆమె దళానికి నాయకుడూ ఆయనే. చేతిగడియారం వెనకమూతలో సందేశాలు దాచేది. చాకలి బండిలో దుప్పట్ల మధ్య పడుకుని శత్రువుల కోటలోకి పోయేది. ఆ పుస్తకాలు చదివి చదివి మా వీధి వీధంతా చెడిపోయింది. మా మెట్లెక్కాలంటే సంకేతపదం చెప్పాలని పిల్లలు ఒక నియమం పెట్టారు. ఓ రోజు పాలవాడిని ఆపేశారు. పాపం అతను “పాలు” అన్నాడు. అది తప్పు. ఎండలో క్యాను పట్టుకుని నిలబడిపోయాడు.

“మీ గూఢచారుల మొహం మండ! పాలు విరిగిపోతే మీ మిణుగురొచ్చి తోడుపెడుతుందా?” అని అమ్మ స్కేలు పట్టుకుని బయటికొచ్చింది.

ఆ మూకకి నాయకురాలు వసపిట్ట. ఎదురింటి దర్జీ కూతురు. నిద్రలో కూడా నోరు మూయదని వాళ్లమ్మే చెప్పేది. ఆమెకి మంత్రి కళ్లజోడు అనే పిల్లాడు, ప్రతిదానికీ “అది న్యాయం కాదు” అనేవాడు. నేను షాపు వాళ్ల పిల్లని కాబట్టి నాకు దళంలో పరీక్ష లేకుండానే చోటిచ్చారు. అందరూ నన్ను చిన్నది అనేవారు.

అద్దె పుస్తకానికి ముందు పోయేది చివరి పేజీలే. పిల్లలు మంచం మీద పడేస్తారు, నీళ్లలో పడేస్తారు, చిన్న తమ్ముళ్లు నమిలేస్తారు. ఆ పుస్తకాలు వేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది, కొత్త కాపీలు దొరకవు. అందుకని మా షాపులో ఒక పద్ధతుండేది. పేజీలు పోయిన పుస్తకాన్ని అంతకుముందు పూర్తిగా చదివిన పిల్లల్ని అక్క మెట్ల మీద కూర్చోబెట్టి, ఆఖర్లో ఏం జరిగిందో చెప్పించుకునేది. వాళ్లు చెప్పిందాన్ని గుండ్రటి అచ్చక్షరాల్లో రాసేది. రాసింది పైకి చదివేది. పిల్లలు గోళ్లు గిల్లుకున్నా, వీధిలోకి చూసినా, ఆ ముక్క కొట్టేసి మళ్లీ రాసేది. పిల్లలు సరేనన్నాక నాన్న దబ్బనంతో బొక్కలు పెట్టి, దారంతో కుట్టి, మైదా జిగురుతో అట్ట అతికించేవాడు. తండ్రీ కూతుళ్లు గంటల తరబడి ఎదురెదురుగా కూర్చుని ఆ పని చేసేవారు. మాటలుండేవి కావు. కత్తెర అందించడం, జిగురు గిన్నె జరపడం, అంతే. వాళ్లకి అదే కబుర్లు.

అక్కా నేనూ మాట్లాడుకోవడానికి వేరే పద్ధతుంది. అది కూడా మిణుగురు నేర్పిందే. బీరువా చెక్క మీద ఒక దెబ్బ కొడితే అవును. రెండు కొడితే కాదు. మూడు కొడితే నాన్న వస్తున్నాడు, చేతిలో ఏముంటే అది దాచేయ్ అని.

నేను అక్కడితో ఆగాను. అక్క ఆగలేదు. తంతి సందేశాలు పంపే చుక్కల, గీతల భాషని ఎక్కడెక్కడి పుస్తకాల్లోంచో వెతికి మొత్తం నేర్చేసుకుంది. చదువు పూర్తవగానే, ఓడల మీద రేడియో సందేశాలు పంపే పని నేర్పే బడికి పరీక్ష రాసింది. అది రాత్రీ పగలూ రైల్లో కూర్చుంటే వచ్చే రేవు పట్నంలో. ఎండలు ముదిరే వేళకి కార్డు వచ్చింది. సీటు వచ్చింది, వానలు పడేలోపు చేరాలి, ఇంటి పెద్ద వెంట వచ్చి చేర్పించాలి అని.

అమ్మ మిషను ఆపేసి ఆ కార్డుని కళ్లకద్దుకుంది. “నా కూతురు ఓడెక్కుతుందే! మా వంశంలో ఇంతవరకూ పడవెక్కినవాళ్లు లేరు” అంది.

అక్క కార్డుని నాన్న ముందు పెట్టింది. నాన్న దాన్ని ముక్కు దగ్గరికి పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఆయన ఆ మధ్య పుస్తకాలు కూడా అలాగే పట్టుకుంటున్నాడు. మీ నాన్న వాసన చూసి పుస్తకం పేరు చెప్పేస్తాడు, అది గూఢచారుల విద్య అని వసపిట్ట వీధంతా చాటింది. నేనూ ఒప్పేసుకున్నాను, గొప్పే కదా అని.

“చూద్దాం” అన్నాడు నాన్న.

అక్క కార్డు తీసుకుని లోపలికెళ్లిపోయింది. ఇంకోళ్లయితే అరిచేవాళ్లు, అన్నం మానేసేవాళ్లు, ఎందుకు పంపవని నిలదీసేవాళ్లు. మా ఇంట్లో ఆ అలవాటు లేదు. ఉంటే ఎంత బాగుండేదో అని ఇన్నేళ్లుగా అనుకుంటూనే ఉన్నాను.

ఆ తర్వాత వాళ్లిద్దరూ పనిలో కూడా ఎదురెదురుగా కూర్చోవడం మానేశారు. నాన్న స్టూలు గుమ్మం పక్కకి, వెలుతురులోకి జరుపుకున్నాడు. సూదిలో దారం ఎక్కించడానికి నన్ను పిలవడం మొదలుపెట్టాడు. “చిన్నదానా, పని నేర్చుకో. నీ వయసుకి నాకు కుట్టు మొత్తం వచ్చు” అనేవాడు. అక్కని కాదని నన్ను పిలిచాడని నేను మురిసిపోయాను. ఆ రోజుల్లో నేనెక్కించిన దారంతో ఒక ఓడని లాగొచ్చు.

“మీ అక్కని అడుగు, జిగురు కలిపిందా అని.”

“నాన్నతో చెప్పు, గిన్నెలో ఉందని.”

“మధ్యలో నేను తపాలావాణ్ణా?” అని నేను.

అవతల్నించి అమ్మ, “దేవుడు మీ ఇద్దరికీ నోళ్లిచ్చింది టీ తాగడానికేనా?” అనేది. బడులు తెరిచేలోపు యూనిఫాంల బట్ట కొండలా పేరుకుపోయి ఉండేది, అంతకంటే ఎక్కువ తిట్టే తీరిక ఆమెకి లేదు.

అప్పుడొచ్చింది ఆ కట్ట. పాత కాగితాలు కొనేవాడి దగ్గర నాన్న బేరమాడి తెచ్చిన పుస్తకాల కట్టలో ‘మిణుగురు – ఆఖరి ఓడ’ రెండు కాపీలున్నాయి. అలాంటి పుస్తకం ఒకటుందని కూడా మాకెవరికీ తెలియదు. వసపిట్ట కేకకి వీధిలో కుక్కలు లేచాయి. వంతులవారీగా, పోట్లాడుకుంటూ, ఒకరి భుజం మీంచి ఒకరు చదివారు. చదివిన ప్రతివాడూ ఏడుపు మొహంతో తిరిగొచ్చాడు. రెండు కాపీల్లోనూ చివరి పేజీలు లేవు. ఎవరూ చింపలేదు, అచ్చాఫీసులోనే ఆ పేజీలు కుట్టడం మర్చిపోయారు. రేవులో మిణుగురు నిలబడి ఉంది. దూరదేశంలో కొత్త పని, ఓడ కూత వేసింది. టికెట్టు గడియారాల తాత చేతిలో ఉంది. అక్కడితో అట్ట వచ్చేస్తుంది.

“ఇది న్యాయం కాదు” అన్నాడు కళ్లజోడు. జన్మలో మొదటిసారి అతను అన్నది నిజం.

చదివినవాళ్లని అడుగుదామంటే ఈ భూమ్మీద చదివినవాళ్లెవరో తెలియదు. పిల్లలు మెట్ల మీద కూర్చుని కదిలేది లేదన్నారు. నాన్న జిగురు పూస్తూ తలెత్తకుండా, “మీ అక్కని రాయమను. తనకి తోచిందే రాయమను” అన్నాడు.

అక్క రాసింది. నాలుగైదు రోజులు బీరువా వెనక కూర్చుని రాసి, ఓ ఉదయం మెట్ల మీదకొచ్చి చదివింది. అక్క చదివితే నాటకమే. తాత మాటలకి గొంతు బొంగురు చేసేది, శత్రువులకి ముక్కుతో మాట్లాడేది. అందులో గడియారాల తాత టికెట్టుని ఇటూ అటూ తిప్పి చూస్తాడు. ఏమీ అనడు. తన చేతి గడియారం విప్పి, కీ ఇచ్చి, మిణుగురు చేతికి కట్టి, “ఇది రోజూ రెండు నిమిషాలు వెనకబడుతుంది. నీకంటే నేను ఎప్పుడూ రెండు నిమిషాలు వెనకే ఉన్నాననుకో. పో తల్లీ” అంటాడు. మిణుగురు ఓడెక్కుతుంది. ఆమె రేవుని చూడటం లేదు, ముందున్న నీళ్లని చూస్తోంది. అయిపోయింది.

ఎవరూ గోళ్లు గిల్లుకోలేదు. వసపిట్ట మాట్లాడలేదు, అది చాలు ఎంత బాగుందో చెప్పడానికి. కాసేపయ్యాక ముక్కు చీదుకుని, “మరి తాత ఒక్కడే ఎలా ఉంటాడక్కా?” అంది.

“ఉంటాడు. పెద్దవాళ్లు ఉంటారు” అంది అక్క. ఆ మాట పిల్లలకి కాదు, గుమ్మం పక్కన స్టూలుకి వినపడేలా అంది.

నాన్న చేతిలో కుంచె అలాగే ఆగిపోయి ఉంది, జిగురు బొట్టుబొట్టుగా మోకాలి మీద పడుతోంది. ఆ రోజే ఆ పేజీలు ఒక కాపీకి కుట్టాడు. రెండో కాపీ సంగతి నేనడిగితే, “దానికి నేను రాస్తాను” అన్నాడు.

నాన్న రాయడమా! ఆయన ఆ మధ్య ఉత్తరాలు కూడా అమ్మచేతే రాయిస్తున్నాడు. మధ్యాహ్నం ఎండ నడినెత్తిన ఉండగా పెరట్లో కూర్చుని, లావుపాటి పెన్నుతో, చెమటలు కక్కుకుంటూ రాశాడు. “ఈయనకి ఎండదెబ్బ ఖాయం. నీడలో కూర్చుని రాస్తే అక్షరాలు రానంటాయా?” అని అమ్మ నెత్తిమీద తడిగుడ్డ వేసి పోయింది. వారం దాటాక కాగితాలు తెచ్చి నా చేతిలో పెట్టాడు. “మీ అక్కకివ్వు. చదివేది తనే కదా, తననే చదవమను.”

ఆ ఉదయం మెట్లు చాలక పిల్లలు వీధిలో కూడా కూర్చున్నారు. అక్క కాగితాలు విప్పి ఒక్క క్షణం ఆగింది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి నాకూ కనపడ్డాయి. అక్షరాలు చిక్కుడు గింజలంత ఉన్నాయి. ఒక వరస ఇంకో వరస మీదకి ఎక్కేసింది. కొన్నిచోట్ల పెన్ను కాగితం దాటి పోయింది. మా నాన్న చేతిరాత ముత్యాల కోవ అని ఊళ్లో పేరు. తొందరలో రాసినట్టున్నాడు అనుకున్నాను.

అక్క మొదలుపెట్టింది. ఓడ కూత, రేవు, జనం. పిల్లల్ని రెండుసార్లు నవ్వించింది కూడా, నాన్న ఒక సామాన్లవాడిని పెట్టాడు, వాడు తన పెట్టెకి బదులు శత్రువునే మోసుకుపోతాడు. మా నాన్నకి ఇంత హాస్యముందా అని నేను తెల్లబోయాను. తర్వాత గడియారాల తాత మాటలొచ్చాయి. అక్క గొంతు బొంగురు చేసి మొదలుపెట్టి, మధ్యలో ఆ గొంతు మర్చిపోయింది. తన గొంతుతోనే చదివింది.

“‘ఓడెక్కు తల్లీ. నీకు ఎదురు చెప్పను. ఒక్క సంగతి మాత్రం వినిపో. ఈమధ్య నాకు చిన్న మరమేకులు కనపడటం లేదు. గడియారం విప్పుతున్నాను, మళ్లీ బిగించలేకపోతున్నాను. మా నాన్నకీ ఇలాగే మొదలై, చివరికి అంతా చీకటైపోయింది. నేనిది ఎవరికీ చెప్పలేదు. నువ్వు గూఢచారివి కదా, చెప్పకుండానే నీకు తెలిసిపోతుందనుకున్నాను.’”

అక్క అక్కడ ఆగింది. తర్వాతి కాగితం తీయడానికి ఆగిందనుకున్నారు పిల్లలు. నాన్న స్టూలు మీద కూర్చుని వీధివైపు చూస్తున్నాడు. చూస్తున్నాడనే నేననుకున్నాను.

మిగతాది అక్క గబగబా చదివేసింది. మిణుగురు టికెట్టుని కాగితం పడవ చేసి నీళ్లలో వదిలేస్తుంది. తాత చెయ్యి పట్టుకుని దుకాణానికి తీసుకుపోతుంది. ఓడ వెళ్లిపోతుంది. పిల్లలు చప్పట్లు, ఈలలు. వసపిట్ట లేచి గంతులేసింది.

“రెండు ముగింపులుంటే ఎలా? ఏది నిజమో తేలాలి. చేతులెత్తాలి. అదే న్యాయం” అన్నాడు కళ్లజోడు.

ఎత్తారు. లెక్కపెట్టే పని నాకిచ్చారు గానీ లెక్కపెట్టాల్సిన అవసరమే లేకపోయింది. అక్క ముగింపుకి కళ్లజోడు ఒక్కడే చెయ్యెత్తాడు, అదీ కాసేపుంచి దించేశాడు. నన్నెవరూ అడగలేదు. అడిగితే నేనూ నాన్న వైపే, అక్క వెళ్లిపోతే రాత్రుళ్లు నా పక్కనెవరు పడుకుంటారని నా బెంగ నాది.

అక్క కాగితాలు సరిచేసి మడిచింది. “సరే. తిరిగొచ్చేసింది” అంది. లోపలికెళ్లి జిగురు కలిపింది. ఆ రోజు కుట్టింది కూడా తనే, నాన్న చేతిలోంచి దబ్బనం నెమ్మదిగా తీసుకుని. “నీది చింపకు. ఉండనీ” అన్నాడు నాన్న. నెలరోజుల తర్వాత ఆయన నేరుగా ఆమెతో అన్న మొదటి మాట అదే.

అక్క తన కాపీని పై అరలో, ఎవరికీ అందని చోట పెట్టింది.

వానలు దగ్గరపడే వేళకి అమ్మ ట్రంకు పెట్టె కిందికి దింపి, అడుగున పాత చీర పరిచి సర్దడం మొదలుపెట్టింది. యూనిఫాంల బట్టలో మిగిలిన గుడ్డతో అక్కకి రెండు జాకెట్లు కూడా కుట్టేసింది. “ఏమండీ, రైలు టికెట్లు తీశారా?” అంది.

నాన్న గొంతు సవరించుకున్నాడు. ఆయన నోరు తెరిచేలోపే అక్క, “నేను వెళ్లట్లేదమ్మా” అంది.

“ఏంటీ?”

“వెళ్లాలనిపించట్లేదు. షాపు చూసుకుంటాను.”

“మీ నాన్న ఏమైనా అన్నారా? ఏమండీ, ఏమన్నారు దాన్ని? ‘చూద్దాం’ అనే కదా? ఏం చూశారు ఇన్నాళ్లూ?”

“నాన్న ఏమీ అనలేదు. నా ఇష్టమే” అంది అక్క. నాన్న వైపు చూసి కళ్లతోనే ఊరుకోమంది. ఆ చూపు ఆయనకి కనపడదన్న సంగతి ఆ క్షణం మర్చిపోయినట్టుంది. అయినా నాన్న ఊరుకున్నాడు.

అమ్మ రెండు రోజులు ఇద్దరితోనూ మాట్లాడలేదు. మిషను చప్పుడు మాత్రం ఇల్లంతా అదిరేలా వినపడింది. రైలు వెళ్లాల్సిన రోజున షాపు మామూలుగానే తెరిచాం. అక్క బీరువా వెనక కూర్చుని పాత అట్టలు విప్పుతోంది. నేను ఇవతల్నించి చెక్క మీద ఒక్కసారి తట్టాను. ఏడుస్తున్నావా అని అడగడానికి మా భాషలో వేరే దెబ్బ లేదు, కానీ అక్కకి అర్థమైంది. కాసేపటికి అవతల్నించి రెండు దెబ్బలు వినపడ్డాయి. అబద్ధమని నాకు తెలుసు. తెలిసినా బీరువా చుట్టూ తిరిగి వెళ్లి చూడలేదు.

ఆ తర్వాత మా షాపు అద్భుతంగా నడిచింది. అక్క పుస్తకాలన్నీ కొత్త వరసలో సర్దింది. ఏ అరలో ఎన్నో పుస్తకం ఏదో నాన్న వేళ్లకి తెలిసేలా, అట్టల వీపుల మీద దారంతో ముడులు వేసింది. ఎవరైనా పుస్తకం అడిగితే నాన్న చెయ్యి చాపేవాడు. బీరువా వెనకనించి ఒక దెబ్బ వినపడితే ఆ పుస్తకం తీసిచ్చేవాడు. రెండు వినపడితే చెయ్యి పక్కకి జరిపేవాడు. మా ఇద్దరి రహస్య భాషని నాన్నకి ఎందుకు నేర్పావని నేను అక్కతో పోట్లాడాను. “ఆటకి ముగ్గురుంటే బాగుంటుందిలే” అంది. నేను నమ్మాను. వీధి నమ్మింది. కన్నబిడ్డల కడుపు నొప్పిని మొహం చూసి చెప్పే మా అమ్మ కూడా నమ్మింది. ఎలాంటి గూఢచారో మా అక్క!

రెండు ఎండాకాలాలు అలా గడిచాయి. మూడోదాంట్లో అమ్మ కుట్టిన యూనిఫాం ఒకటి హ్యాంగర్‌కి తగిలించి షాపు గుమ్మంలో వేలాడదీసింది, ఎవరో వచ్చి పట్టుకుపోతారని. అక్క బజారుకెళ్లింది. నేను లోపల అన్నం తింటున్నాను. నాన్న గొంతు వినపడింది.

“ఏం పుస్తకం కావాలి తల్లీ?”

జవాబు లేదు.

“చెప్పమ్మా, మొహమాటపడకు. మిణుగురు ఇవ్వనా?”

అమ్మ నవ్వుకుంటూ చూడటానికి వచ్చింది. నాన్న హ్యాంగర్‌కి వేలాడుతున్న గౌనుతో మాట్లాడుతున్నాడు. ప్రేమగా వంగి, తల నిమరబోయాడు. అమ్మ నవ్వు సగంలో ఆగిపోయింది.

మర్నాడే కళ్ల డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. నన్ను కూడా తీసుకెళ్లింది. డాక్టరు టార్చి వేసి చూసి, “పొరలండీ, ఇంకేం లేదు. ముదిరిపోయాయి. ఇంతవరకూ ఏం చేస్తున్నారు? ఎప్పుడో రావలసింది” అన్నాడు.

“మా నాన్నకి కళ్లు పోయాయి డాక్టరుగారూ. నాకూ అంతే అనుకున్నాను” అన్నాడు నాన్న.

“ఆయన్ని ఎవరైనా చూశారా?”

“లేదు. ఆయన కూడా ఎవరికీ చెప్పలేదు.”

ఆపరేషను ఒక్కో కన్నుకి ఒక్కో పూట పట్టింది. అంతే. పొద్దున తీసుకెళ్లి మధ్యాహ్నానికి ఇంటికి తెచ్చేసుకున్నాం. కట్టు విప్పిన రోజున నాన్న ముందు అమ్మని చూశాడు, నన్ను చూశాడు. తర్వాత అక్క వైపు తిరిగాడు.

“జుట్టు ఎప్పుడు కత్తిరించావు?”

“రెండేళ్లయింది నాన్నా.”

అమ్మ ఆ సాయంత్రం మిషను ముట్టుకోలేదు. నేల మీద కూర్చుని మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, “అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఒక్కళ్లంటే ఒక్కళ్లు నోరు తెరిచి చెప్పలేదే! ఈయన చెప్పడు. అది తెలుసుకుంటుంది, అదీ చెప్పదు. ఏం పుస్తకాలు చదివి చచ్చారే మీరు! నాకొక్క ముక్క చెప్పి ఉంటే ఆ రైలెక్కేలోపే అయిపోయేది” అంది. ఎవరినీ తిట్టినట్టు లేదు. అందుకే వినలేకపోయాం. మా ఇంట్లో అంతా గూఢచారి పుస్తకాలు చదివినవాళ్లమే, రహస్యం దాచడమే ప్రేమ అనుకున్నాం.

రేడియో బడిలో చేరడానికి వయసు నిబంధన ఉంది. అక్కకి ఆ వయసు ముందు ఏడాదే దాటిపోయింది. ఆ సంగతి నాన్న అడిగి తెలుసుకున్నాడు. ఈసారి నోటితోనే అడిగాడు, చేతులు కాలాక.

కళ్లొచ్చాక నాన్న మొదట చదివింది పై అరలో ఉన్న కాపీ. పెరట్లో కాదు, నీడలో కూర్చుని చదివాడు. చదివి, రెండో కాపీ తెప్పించి, తన పేజీల కుట్లు ఒక్కొక్కటే విప్పాడు. అక్క చూస్తూ నిలబడింది.

“నీదే బాగుంది” అన్నాడు.

“ఇప్పుడా నాన్నా చెప్పేది?” అని అక్క నవ్వింది. నవ్వి లోపలికెళ్లిపోయింది. నాన్న విప్పిన దారాన్ని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ అక్కడే కూర్చున్నాడు.

ఇప్పుడు అద్దెకి పుస్తకాలెవరూ తీసుకోవడం లేదు. ముందు గదిలో నోటుపుస్తకాలు, పెన్నులు, అట్టలు అమ్ముతున్నారు. షాపు అక్కదే. బాగానే నడుపుతుంది, నోరు కూడా అమ్మదే వచ్చింది. నాన్న బాగా ముసలివాడైపోయి బీరువా వెనక వాలుకుర్చీలో కూర్చుంటాడు. అమ్మ పోయాక మాటలు ఇంకా తగ్గాయి. నేను ఈ ఎండాకాలం వాళ్ల దగ్గరికి వెళ్లి కొన్నాళ్లున్నాను. ఓ సాయంత్రం వసపిట్ట వచ్చింది, కూతుర్ని వెంటబెట్టుకుని. కూతురు తల్లిని మించింది, మెట్లెక్కుతూనే మొదలుపెట్టింది.

“అత్తా, మా అమ్మ చిన్నప్పుడు మీ షాపులో మిణుగురు ఉండేదంట కదా? అమ్మ కథంతా చెప్పింది. ఆఖర్న ఏమైందంటే మాత్రం ఒకసారి ఎక్కిందంటుంది, ఒకసారి వెనక్కొచ్చిందంటుంది. ఏది నిజం? ఓడెక్కిందా, లేదా?”

వసపిట్ట నా వైపు చూసి తల దించుకుంది. ఆమెకి తర్వాత అంతా తెలిసింది. వీధికంతా తెలిసింది.

అక్క పెన్నుల డబ్బా మూతపెట్టింది. పిల్ల మొహంలోకి చూసి చెప్పబోయి ఆగింది. ఏ ముగింపు చెప్తుందోనని నేను అక్క మొహమే చూస్తున్నాను.

అప్పుడు బీరువా వెనకనించి, ముసలి వేళ్లతో, చెక్క మీద ఒక్క దెబ్బ వినపడింది.

అక్క కాసేపు ఆ చప్పుడు వచ్చిన వైపే చూసింది. ఇంకో దెబ్బ పడుతుందేమోనని నేనూ విన్నాను. పడలేదు.

“ఎక్కింది” అంది అక్క ఆ పిల్లతో. “తాతే పంపించాడు.”